చెల్లెల్ని పలమనేరుకిచ్చిన ఏడు

పోయిన నెలలో మా ఇంటికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. తిరుపతిలో మేమున్నది రెండో అంతస్తు కాబట్టి మెట్లెక్కి కాస్త ఆయాసపడుతూ వచ్చి కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, చేతిలోని కాగితాలు తిప్పుతూ మా చిన్నకొడుకునీ కోడలినీ చాలా సంగతులు అడిగింది. వాళ్లకు పెళ్లయి పన్నెండేళ్లయినా పిల్లలు లేరు. ఒక బిడ్డను దత్తత తీసుకుంటామని అర్జీ పెట్టుకున్నారు. ఇల్లెలా ఉందో, ఇంట్లో మనుషులెలాంటివాళ్లో చూసి పోవడానికి వచ్చిందామె. గదులన్నీ చూశాక, ఒక మూల చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్న నా దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చి నిదానంగా అడిగింది.

"అవ్వా, ఈ ఇంట్లోకి బిడ్డ వచ్చేది నీకు ఇష్టమేనా? ఎవురన్నా బలవంతంగా ఒప్పించినారా?"

ఇష్టమేనమ్మా అన్నాను. ఆ మాట కూడా రాసుకుంది. పోయే ముందు మా వాడితో, బిడ్డకు ఊహ తెలిసినప్పటి నుంచీ నిజం కొంచెం కొంచెంగా చెబుతూ రావాలనీ, దాచిపెట్టి పెంచకూడదనీ చెప్పింది. ఆమె మెట్లు దిగిపోయిన తర్వాత చాలాసేపు నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఏమైందత్తా అని కోడలు అడిగితే ఏమీ లేదన్నాను.

నా ఈడు వాళ్లకైతే చెప్పకుండానే తెలుస్తుంది. మా కాలంలో బిడ్డనివ్వడానికి కాగితాలు లేవు. అవ్వనే కాదు, ఆ బిడ్డను కూడా ఎవరూ అడిగేవారు కాదు. అక్కకు ముగ్గురుండి చెల్లెలికి లేకపోతే ఒకరిని పంపించేవారు, అంతే. అందులో తప్పేముందని మా నాయన అనుకున్నాడు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకోవాలని ప్రయత్నించాను.

మాది నగరి. ఇప్పుడు ఆ ఊళ్లో పవర్‌లూముల మోతకు పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు గానీ, మా చిన్నతనంలో మా వీధిలో ఇంటింటా చేమగ్గమే. నాయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. అమ్మ పక్కన తెగిన పోగులు అతికేది. నేను రాట్నం ముందు కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టుకునే నూలు కండెలు చుట్టి నాయనకు అందించేదాన్ని. నాకప్పుడు పదకొండేళ్లు. నా తర్వాత చెల్లెలు, దానికి ఆరు. తమ్ముడింకా పాకే పిల్లవాడు. చెల్లెలికి ఒక అలవాటుండేది. పట్టపగలు మగ్గం చప్పుడు వింటూ ఆ పక్కనే నేలమీద నిద్రపోయేది, నాయన నేయడం ఆపితే మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చునేది. భోజనానికి లేవాలన్నా నాయన దాని వైపు ఒకసారి చూసి, మరో రెండు పోగులు నేసి లేచేవాడు.

అమ్మకు తోడబుట్టింది ఒక్క చెల్లెలే. మా పిన్నమ్మ. ఆమెను పలమనేరులో ఇచ్చారు. చిన్నాయన మగ్గం మానేసి పాడి పెట్టుకున్నాడు. పది పన్నెండు ఆవులు, ఇంటి వెనకే పచ్చిక, చల్లటి ఊరు, దేనికీ లోటు లేని సంసారం, ఒక్క పిల్లలకు తప్ప. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ జబ్బుపడి మూడు నెలలు మంచం దిగలేకపోతే, పిన్నమ్మే వచ్చి మా ఇంట్లో ఉండి, మాకందరికీ వండిపెట్టి, అమ్మకు పసిబిడ్డలా సేవ చేసి బతికించింది. అందుకని ఆ మరుసటి ఏడు మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి ఒక బిడ్డనిమ్మని అడిగినప్పుడు మా నాయన లేదనలేకపోయాడు. అమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

వాళ్లు మొదట అడిగింది నన్ను. పెద్దపిల్ల, ఏడవదు, ఇంట్లో చేతికింద సాయంగా ఉంటుందని పిన్నమ్మ అంటుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. మర్నాడు పొద్దున కండెలు అందిస్తూ, ఏమీ ఎరగనట్టు నాయనతో అన్నాను.

"నేను పలమనేరుకు పోతే నీకు కండెలు చుట్టేదెవురు నాయనా? చెల్లికి నూలు పట్టుకునేది కూడా రాదు."

నాయన నాడె ఆపి నా ముఖం చూశాడు. మళ్లీ నేయసాగాడు. మధ్యాహ్నానికల్లా పెద్దవాళ్ల మాటలో నా పేరు పోయి చెల్లెలి పేరు వచ్చింది. నేనన్నది ఒక్కటే మాట, అదీ అబద్ధం కాదు. కానీ ఎందుకన్నానో నాకు తెలుసు.

బయలుదేరే రోజు దానికి తల దువ్వి జడలు వేసింది నేనే. అది ఏడవకుండా చూడమని నాకు అప్పజెప్పారు. నాలుగు రోజులు ఉండి వచ్చేస్తావనీ, అక్కడ నిన్ననే పుట్టిన దూడ ఉందనీ చెప్పాను. అది కళ్లింత చేసుకుని అడిగింది.

"దూడకు పేరు పెట్టేసినారా అక్కా?"

"ల్యా, ఇంకా పెట్టల్యా. నువ్వు పోయి పెడుదువులే."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏం పేరు పెట్టాలా అని ఆలోచించుకుంటూ, మాకు చెయ్యి ఊపడం కూడా మరచిపోయి వెళ్లిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత మా వీధిలో ఏదో పెళ్లికి పిన్నమ్మావాళ్లు వచ్చారు. చెల్లెలు ఒళ్లు చేసింది, కొత్త పట్టుపావడా కట్టుకుంది, చేతినిండా గాజులు. అది అమ్మ దగ్గరికొచ్చి, నేర్పినట్టుగా, పెద్దమ్మా నీళ్లు కావాలంది. అమ్మ చెంబుతో నీళ్లిచ్చి, అది తాగేదాకా నిలబడి, ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. తర్వాత పిన్నమ్మే ఏదో మాటల్లో చెప్పింది, అక్కడికి పోయిన కొత్తలో దానికి నిద్ర పట్టేది కాదట, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండాదే అని అడిగేదట. పిన్నమ్మ దాన్ని ప్రాణంగా పెంచింది. అది నేను ఎప్పుడైనా ఎక్కడైనా చెబుతాను. అయినా దాని పదో ఏట ఒక పగటిపూట, బడికని బయలుదేరిన పిల్ల బడికి పోకుండా పలమనేరులో బస్సెక్కి, మొగిలి కనుమ దిగి చిత్తూరు చేరి, ఎవరినో అడిగి ఇంకో బస్సు పట్టుకుని నగరికి వచ్చేసింది. ఆ బస్సు కండక్టరు పుణ్యాత్ముడు, చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తెచ్చి దించిపోయాడు.

ఆ రోజు సంగతి నేను ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో పుస్తకాల సంచి. అమ్మ గడప దాటబోతుంటే నాయన అడ్డం వచ్చి, నువ్వు గానీ ఎదురుపడి ఏడిస్తే అదింక పోదు, అక్కడ నీ చెల్లెలు బతకదు, లోపలికి పో అన్నాడు. ఆ మాట లోపలున్న నేను విన్నాను, వాకిట్లో ఉన్న చెల్లెలు వినలేదు. దానికి కనబడింది ఒక్కటే, అమ్మ తనను చూసి వెనక్కి తిరిగి గదిలోకి పోయి తలుపు వేసుకోవడం. నేను కిటికీ సందులోంచి చూశాను. అమ్మ మగ్గం గుంటలో, నాయన కూర్చునే చోట కూర్చుని, కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

నేను వాకిట్లోకి పోతే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు చెప్పక్కా నాయనకు. నేనీడే ఉంటా. కండెలు చుట్టేది నేర్చుకుంటా."

నాకు పదిహేనేళ్లు. చెప్పాలంటే చెప్పగలిగిన వయసే. ఇది ఉండిపోతే పలమనేరుకు పంపే మాట మళ్లీ నా మీదికి వస్తుందేమోనన్న భయం ఒక పక్క, నాయన కోపమంటే భయం ఒక పక్క. చెయ్యి విడిపించుకోలేదు, నోరూ విప్పలేదు. సాయంత్రానికి చిన్నాయన రొప్పుతూ వచ్చాడు. ఊరంతా వెతికి, బావులు కూడా చూసి, చివరికి ఇక్కడికొచ్చిన మనిషి, దాన్ని చూడగానే అరుగుమీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. అది చూసి చెల్లెలే లేచింది. పద నాయనా పోదాం అని, ఆయన వేలు పట్టుకుని నడిచి పోయింది. వెనక్కి చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పారిపోయి రాలేదు. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు లేచి, స్నానం చేసి, పోగులు అతకడానికి కూర్చుంది. ఆ విషయం మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

లోకం కళ్లకు చెల్లెలి బతుకు నా బతుకు కంటే బాగుంది. పదో తరగతి దాకా చదువుకుంది, ఆ ఊళ్లోనే మంచి సంబంధం కుదిరింది, ఇద్దరు పిల్లలు, పాడి రెట్టింపయింది. నేను తిరుచానూరులో పూలకొట్టు పెట్టుకున్న మనిషిని చేసుకుని, వేకువనే మొగ్గలు గుచ్చుతూ నా పిల్లల్ని పెంచుకున్నాను. శుభకార్యాలకు కలిసేవాళ్లం. అక్కా అక్కా అని ఎంతో ఆప్యాయంగానే ఉండేది. అమ్మతో మాత్రం ఎంత వరకు కావాలో అంతవరకే. అమ్మ పోయినప్పుడు కూడా కూతుళ్ల వరసలో కాకుండా వెనక, చుట్టాల్లో నిలబడింది. ముందుకు రమ్మంటే, పర్వాలేదులే అక్కా, ఈడుంటాలే అంది.

ఆఫీసరమ్మ వచ్చిపోయిన వారం తర్వాత, నన్ను పలమనేరుకు తీసుకుపొమ్మని మా వాడిని అడిగాను. ఆదివారం కారులో దించాడు. చెల్లెలికి ఇప్పుడు అరవై ఏడు. ఆవులు ఇంకా ఉన్నాయి, పాలు పితకడానికి మిషన్ వచ్చింది, కొడుకు చూసుకుంటున్నాడు. పశువుల కొట్టం ఎదురుగా మంచం వేసి, చలిగా ఉందని నా మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. దారి పొడుగునా కూడగట్టుకున్న ధైర్యమంతా అప్పుడే బయటికి తీసి, ఆనాడు వాళ్లడిగింది నన్ననీ, నేను కండెల మాట ఎత్తి తప్పించుకున్నాననీ, ఆమె పోయింది నా వల్లనేననీ చెప్పేశాను. చెప్పి, తల వంచుకుని కూర్చున్నాను.

ఆమె నవ్వింది. బాధగా కాదు, మామూలుగానే నవ్వింది.

"నీకెన్నేండ్లక్కా అప్పుడు. చిన్నబిడ్డవు. దాన్ని ఇంతకాలం మోస్తా ఉండావా? ఈడ నాకేం తక్కువైంది చెప్పు. మా అమ్మ నన్ను కింద పెట్టకుండా సాకింది." మా అమ్మ అంటే పిన్నమ్మ. కాసేపు ఆవుల వైపు చూసి, అదే గొంతుతో అంది. "నాకు ఒక్కటే అక్కా. పారిపోయి వచ్చిన దినం, ఆయమ్మ నన్ను చూసి తలుపేసుకునింది చూడు. ఆ దినం తెలిసింది నాకు, నేనంటే ఇష్టంలేకనే ఇచ్చేసినారని."

ఇన్నేళ్లూ నేను మోసింది వేరే బరువు. ఆమె మోస్తున్నదేమిటో అడగనే లేదు. నాయన అడ్డం రావడం, మగ్గం గుంట, నోట్లో కొంగు, తినకుండా పడుకోవడం, తడబడుతూ అంతా చెప్పాను. చెప్పడం అయిపోయాక చెల్లెలు, సరిగా వినబడనట్టు అడిగింది.

"ఎన్ని దినాలు తినలేదు?"

"మూడు దినాలు."

"మూడు దినాలా," అని తనలో తనే అనుకుంది. దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "నాకిద్దరు పుట్టినారు కదక్కా. ఆయమ్మ చూసేదానికి వచ్చినప్పుడు ఒక్క తూరి కూడా బిడ్డను ఎత్తి ఆమె చేతికియ్యలేదు నేను. పడుకుని ఉండాది, లేస్తే ఏడుస్తాది అంటా ఉంటి. కావాల్నే చేసినా. దూరంగా కూర్చుని చూసి పోయేది."

లోపలినుంచి ఆమె కోడలు పిలిచింది గానీ, చెల్లెలు లేచి, కళ్లు తుడుచుకోకుండానే కొట్టంలోకి పోయి, మేత వేయాల్సిన వేళ కాకపోయినా ఆవులకు మేత వేసింది.

మా తరం వాళ్లం మంచివాళ్లమే. ఉన్నదాంట్లోంచి లేనివాళ్లకు బిడ్డలనే ఇచ్చుకున్నాం, తెచ్చుకున్న బిడ్డలను కన్నవాళ్ల కంటే మిన్నగా పెంచుకున్నాం, ఎవరికీ అన్యాయం చేయలేదనే అనుకున్నాం. దుఃఖాన్ని తలుపు వెనక దాచుకోవడం పెద్దరికమని మాకు నేర్పారు, మేమూ నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలు తలనొప్పి వస్తే ఫోను చేసి చెబుతారు, తగ్గితే మళ్లీ ఫోను చేసి చెబుతారు. ఇంత చిన్నదానికి చెప్పుకోవడమేమిటని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఇంక విసుక్కోను.

పలమనేరునుంచి వచ్చినప్పటి నుంచీ చెల్లెలు రోజూ సాయంత్రం ఫోను చేస్తోంది. అడిగేవన్నీ అమ్మ గురించే. ఏ కూర ఇష్టంగా తినేది, కోపం వస్తే ఏమనేది, నవ్వితే శబ్దం వచ్చేదా రాదా. నిన్న అమ్మ గొంతు ఎలా ఉండేదని అడిగింది. చెప్పబోయాను, గుర్తు రాలేదు. తమ్ముణ్ణి అడుగుదామంటే వాడు పోయి నాలుగేళ్లయింది. ఆ ఇంట్లో మనుషుల్లో, అమ్మ దగ్గర పెరిగినదాన్ని ఇంక నేనొక్కదాన్నే మిగిలాను. రేపు చెబుతాలే చెల్లా అని ఫోను పెట్టేశాను.