షాబాన్ సగంలో ఆపించిన రోజాలు

పోయినవి లెక్కపెడతాను. పొద్దు పొట్టిగా ఉండే ఒక చలికాలం. నా చెల్లెలు ఆరోగ్యంగా ఉన్న చివరి సంవత్సరం. నా నిద్ర. ఆమెకు నా మీదున్న నమ్మకం మాత్రం పోలేదు; పోయుంటే ఈ బరువు ఇంత ఉండేది కాదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర. మదనపల్లెలో ఉండేవాణ్ణి. నెలవంక లెక్కలూ ఉపవాస నియమాలూ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. వీధివాళ్లు నన్నే అడిగేవారు. ఆ ఏడు, రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలను ఒకరోజు ముందే మొదలుపెట్టించి లెక్క తప్పాను. పుంగనూరులో చెల్లెలింటికి వెళితే పక్కింటి ఆడవాళ్ల ముందే అంది:

"మా అన్న పిలిస్తే సంద్రుడు గూడా ముందురోజే వస్తాడమ్మా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల కాలిపోయాను.

కిందటి రంజాన్‌లో కాన్పు వల్ల ఆమె రోజాలు, అంటే ఉపవాసాలు, పోయాయి. ఏడాదంతా ఒక్కొక్కటే తీర్చుకుంటూ వచ్చింది. కొన్ని మిగిలాయి. షాబాన్ సగం దాటాక మళ్లీ వెళ్లినప్పుడు రోజాలోనే ఉంది.

"సగం నెల దాటింది. ఇంక రోజా ఉండకూడదు. ఆపు," అన్నాను.

"బాకీవి గూడానా అన్నా?"

"పుస్తకం సదివింది నువ్వా, నేనా?"

"కోప్పడాకన్నా. నువ్వు సెప్తే సరే."

ఆ నియమం ఇష్టపూర్వకంగా ఉండే రోజాలకే. అందులోనూ పండితులది ఒకే మాట కాదు. బాకీ తీర్చుకునేవారికి అడ్డే లేదు. ప్రవక్త గారి భార్యే తన బాకీ రోజాలు షాబాన్‌లో తీర్చుకునేవారు. నాకు తెలుసు. తెలిసే దాచాను. ఎందుకు? ఒక్క నవ్వుకా? ధర్మం మీద జాగ్రత్త అని ఎన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను! జాగ్రత్త కాదు, పొగరు. అల్లా మాటను అడ్డం పెట్టుకుని తీర్చుకున్న కక్ష.

ఆ రంజాన్ రోజాలన్నీ ఉంది. పండగైన వారానికే మంచం పట్టింది. మూత్రపిండాలు. ఈ జన్మలో ఉపవాసం వద్దన్నాడు డాక్టరు.

ఇప్పుడు కుప్పంలో ఉంది. ఎప్పుడు వెళ్లినా, ఆ రోజు నేను ఆపకుంటే పాపం చేసేదాన్నని నా మేలే చెప్పుకుంటుంది. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. తలూపి, టీ తాగి వస్తాను.

బాకీకి బదులు పేదలకు అన్నం పెట్టింది. ఆమె లెక్క అల్లా దగ్గర తీరిందేమో. నాది తీరలేదు. ఒంట్లో బలం ఉండగా ఆమె ఉండగలిగినవి, నేను ఉండనివ్వనివి: ఏడు రోజాలు.