మూత వేస్తే నిద్ర

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదంటారు కదా, నన్ను పటమటలో మా పుట్టింటికి పంపించారు. నా ఆఫీసు లాప్‌టాప్ మాత్రం ఇబ్రహీంపట్నంలో అత్తగారింట్లోనే ఉండిపోయింది. కంపెనీ నమోదు చేసుకున్న ఇంటి ఇంటర్నెట్ మీద తప్ప అది పనిచెయ్యదు. పెళ్ళవగానే ముచ్చటపడి అత్తగారింటి లైనే రాయించాను, బుద్ధిమంతురాల్ని! మళ్ళీ మార్పించాలంటే ఎప్పటికయ్యేనో. అందుకని మా ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడి లాప్‌టాప్‌లోకి రిమోట్‌లో వెళ్ళి పనిచేసే ఏర్పాటు చేసుకున్నాను. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది. ఇక్కడ మౌసు కదిపితే అక్కడ బాణం కదులుతుంది.

ఆసుపత్రి బిల్లులు సరిచూసే ఉద్యోగం, ఇంకా పర్మినెంట్ కాలేదు. ఎవరి సిఫార్సూ లేకుండా తెచ్చుకున్నాను. అది నిలబెట్టుకోవడమే నాకు కావలసింది.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత పని మధ్యలో లైను తెగిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తారు.

"తెరిచి పెడితే దుమ్ము పడదూ? మూతేసి గుడ్డ కప్పానమ్మా."

"మూత వేస్తే అది నిద్రపోతుంది అత్తయ్యగారూ."

"పోనీలే, పడుకోనీ. నువ్వూ కాసేపు నడుం వాల్చు. పుట్టింటికెళ్ళింది ఆఫీసు చెయ్యడానికా ఏంటి?"

నవ్వాను కూడా. అదీ నా తెలివి!

సాయంత్రం మా ఆయన్ని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, వీడియో కాల్‌లో ఒక్కొక్కటే చెప్పాను. సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, పవర్ నొక్కండి, మూత మూస్తే ఏం చెయ్యాలో అడుగుతుంది చూడండి, అక్కడ స్లీప్ తీసేసి డూ నథింగ్ పెట్టండి.

"పెట్టేశా. ఇక అమ్మ మూతేసినా, బోర్లించినా నీ పనాగదు" అన్నాడు. పక్కనుంచి విన్న మా అమ్మ మురిసిపోయింది. నోట్లో వేలు పెడితే కొరకడు మా అల్లుడు, అంది.

రెండు రోజులకే మళ్ళీ మొదటికొచ్చింది. ఆయన మూత తెరిచి, లైను కలిశాక చూసుకుంటే సెట్టింగ్ స్లీప్ మీదే ఉండేది. ఏదో అప్‌డేట్ వచ్చి మార్చిందేమోననుకుని నేనే సరిచేసేదాన్ని. ఇంటర్నెట్ వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం. రౌటర్ ఆపించి వేయించాను. ఆయనకి ఎంత ఓర్పో! "అయ్యో, మళ్ళీనా? ఉండు, చూస్తా" అనేవాడు. కాసేపాగి, "ఇక్కడంతా బానే ఉందే" అనేవాడు. చివరికి ఆఫీసులో పై ఆవిడ చెప్పేసింది, ఇంకోసారి పని మధ్యలో మాయమైతే వేరేవాళ్ళని తీసుకుంటామని.

మర్నాడు పొద్దున ఇడ్లీ తింటూ తెర వంక చూస్తున్నాను. చెయ్యి మౌసు మీద లేదు. అయినా బాణం కదిలింది.

వైరసేమో అనుకున్నాను. బాణం సెట్టింగ్స్ తెరిచింది. ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా పవర్‌లోకి వెళ్ళి, మూత దగ్గర ఆగి, డూ నథింగ్ తీసేసి స్లీప్ పెట్టింది. నేను నేర్పిన పాఠమే, నేను చెప్పిన వరసలోనే. తర్వాత ఆ కిటికీని బుద్ధిగా మూసేసింది. ఆ వెంటనే అక్కడ మూత పడినట్టుంది, ఇక్కడ తెర నల్లబడింది.

ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టేశాను. ఫోన్ చేశాను.

"అయ్యో, మళ్ళీనా? ఏ సెట్టింగో చెప్పు, చూస్తా."

"చెప్పక్కర్లేదండీ. ఇందాక మీరు వెళ్ళొచ్చిందే. ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా."



"అమ్మకి నువ్వు ఉద్యోగం చెయ్యడం ఇష్టం లేదు. నిన్ను మానెయ్యమంటే బాధపడతావని... దానంతటదే పోతే ఎవరికీ మాట రాదు కదా. నీ మంచికేనే" అన్నాడు.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాట్ట! మానెయ్యమని ముఖాన చెప్పుంటే పోట్లాడుకునేవాళ్ళం, ఎవరో ఒకరు నెగ్గేవాళ్ళం. అబద్ధం చెప్పినప్పుడూ, దొరికిపోయాకా అదే మెత్తటి గొంతు. ఛీ! ఆ గొంతు వింటుంటే ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఈ మనిషి పక్కనేనా ఇన్నాళ్ళూ పడుకున్నాను అనిపించింది.

ఆ వారమే ఉద్యోగం పోయింది. శ్రావణం రాగానే ఆయన కారేసుకుని వచ్చాడు, చేతిలో పూలూ స్వీట్లూ. "పద, అమ్మ ఎదురుచూస్తోంది" అన్నాడు.

"కాఫీ తాగి వెళ్ళండి" అన్నాను.