నలుగురు మనుషులు, ఒక ‘రోక్’

2006లో నన్ను కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో లోకలైజేషన్ లీడ్‌గా వేశారు. ఇంగ్లీషులో తయారైన సాఫ్ట్‌వేర్‌ని వేరే దేశాల భాషల్లోకి, తేదీలూ మెనూలూ పేర్లతో సహా, మార్చే పనిని లోకలైజేషన్ అంటారు. లీడ్ పైన మేనేజర్. మా మేనేజర్ రెండేళ్ల తర్వాత కంపెనీ వదిలి వెళ్తున్నానని ప్రకటించాడు. ఆ కుర్చీ నాదేనని నేనూ, మా ఆవిడ లలితా, మా వీధిలో సగంమందీ అనుకున్నాం.

కరుణ అనుకుందో లేదో నాకు తెలియదు. ఆమెది నరసాపురం. ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేది, మిగతా రోజులు నా పక్క క్యూబ్‌లో, అంటే అడ్డగోడ అవతలి బల్ల దగ్గర, టర్మినాలజిస్టుగా పనిచేసేది. ఏ మాటను ఏ భాషలో ఎలా వాడాలో తేల్చడం ఆమె పని. నాకంటే చాలా చిన్నది, నా తర్వాత చాలా కాలానికి చేరింది. అయినా యూరప్‌లో ఉండి మా తర్జుమాలు సరిచూసే రివ్యూయర్లు నాకు రెండు ముక్కల మెయిల్ పంపి, ఆమెకు పేజీలు పేజీలు రాసేవారు. ఆ మెయిళ్లు చదువుతూ ఆమె నవ్వుతుంటే నాకు ఇవతల కడుపు మండేది. ఇందులో దాచేదేమీ లేదు.

మేనేజర్ వెళ్లే ముందు వచ్చిన చివరి పెద్ద పని ఒక పేరు పరీక్ష. మార్కెటింగ్ వాళ్లు కొత్త క్యాలెండర్ సాఫ్ట్‌వేర్‌కి ‘రోక్’ అని పేరు పెట్టారు. చిన్నది, నోరు తిరుగుతుంది, లోగోలో ఇముడుతుంది. ఆ పేరుకు ఏ దేశంలోనైనా చెడ్డ అర్థం ఉందేమో చూసి మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంట్ డయాన్‌కి చెప్పాలి. ఈ రివ్యూ మీటింగు చూశాకే కొత్త మేనేజర్ ఎవరన్నది ఆవిడ తేలుస్తుందని ఆఫీసంతటికీ తెలుసు.

పేరు పరీక్షకు నేనే రాసిన పద్ధతి ఒకటుంది. ఒక్కో దేశంలో ఒక్కో రివ్యూయర్‌ని పెట్టి, విడివిడిగా అడుగుతాం. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకూడదు. పడితే అభిప్రాయాలు కలిసిపోతాయి. జవాబు కూడా మూడే రకాలు: ఓకే, జాగ్రత్త, రిజెక్ట్. దీనివల్ల మా కంపెనీ ఎన్నో తలనొప్పులు తప్పించుకుంది, ఇప్పుడూ ఆ మాట మీద నిలబడతాను.

జవాబులు వచ్చాయి. పోలిష్‌లో, చెక్‌లో రోక్ అంటే సంవత్సరం: ఓకే. క్రొయేషియన్‌లో గడువు: ఓకే, క్యాలెండర్‌కి బాగానే ఉంది. డచ్‌లో ఆడవాళ్ల స్కర్టు: జాగ్రత్త. స్వీడిష్‌లో కోటు: జాగ్రత్త. రష్యన్‌లో చెడ్డ విధి, అంటే మన వాడుకలో ఖర్మ: రిజెక్ట్. నా మట్టుకు పని అయిపోయింది. రేపటి మీటింగులు గుర్తుచేసే వస్తువుకి ఖర్మ అని పేరు పెట్టి రష్యాలో ఎవడమ్ముతాడు?

కరుణ నా క్యూబ్ దగ్గరికి వచ్చింది.

“మూర్తి గారూ, పోలిష్, చెక్, క్రొయేషియన్, రష్యన్ వాళ్లు నలుగుర్నీ ఒక్క కాల్‌లో కూర్చోబెడదామండీ. నాలుగూ చుట్టాల భాషలే కదా, మరి ఇన్ని అర్థాలేంటో వాళ్లనే అడుగుదాం.”

“కుదరదమ్మా. రివ్యూయర్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడకూడదు. ప్రాసెస్‌లో ఉంది.”

“ప్రాసెస్ రాసింది మీరే కదండీ.”

“అందుకే చెప్తున్నా.”

ఆమె నేరుగా వెళ్లి మేనేజర్‌ని అడిగింది. జవాబులన్నీ వచ్చేశాయి కాబట్టి ఇక కలిసిపోయేదేమీ లేదని ఆయన ఒప్పుకుని, నన్ను కూడా కాల్‌లో కూర్చోమన్నాడు. పుండు మీద కారం అంటే అదే. ఫోన్‌ని మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నాను.

నాతో ముక్తసరిగా ఉండే మనుషులు ఆ ఫోన్‌లో పెళ్లివారింట్లోలా మాట్లాడుకున్నారు. వార్సాలోని పోలిష్ ఆవిడ తమ అర్థమే అసలైనదంది. ప్రాగ్‌లోని చెక్ ఆయన ఆవిడతో కలిశాడు. జాగ్రెబ్‌లోని క్రొయేషియన్ కుర్రాడు, తమ ఆఫీసులో రోక్ అన్న మాట వింటేనే చెమట్లు పడతాయన్నాడు. చివరికి మాస్కోలోని పెద్దావిడ, బళ్లో టీచరుగా రిటైరైన మనిషి, అందర్నీ ఆపింది. ఆ మాటకు మూలం, ఈ నాలుగు భాషలకూ తల్లి అయిన పాత స్లావిక్‌లో ‘చెప్పడం’ అట. నలుగురూ కూర్చుని చెప్పి ఖాయం చేసుకున్నది రోక్. ఖాయం చేసుకున్న రోజు క్రొయేషియాలో గడువు అయింది. ఆ గడువు సాగి సాగి పోలండ్‌లో, చెక్ దేశంలో ఏడాది అయింది. రష్యాలో మాత్రం మనిషి గురించి పైవాడు చెప్పేసిన మాట అయి కూర్చుంది. అదీ పుస్తకాల్లోనే తప్ప బజార్లో ఎవరూ అనరట. స్కర్టూ కోటూ సంగతేమిటని కరుణ అడిగింది. అవి వేరే ఇంటివనీ, జర్మన్ వైపు భాషల్లో బట్టకున్న పాత పేరు నుంచి వచ్చాయనీ, పోలిక కాకతాళీయమనీ ఆవిడ చెప్పింది.

కాల్ అయ్యాక కరుణ నావైపు తిరిగి, “చూశారా అండీ, మనకి విధంటే ఎవరో రాసింది, వాళ్లకి ఎవరో చెప్పింది,” అంది. ఆ మాట నాకు తట్టనందుకు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

“ఆవిడ మీద పడి ఏడవకపోతే మీకు తిన్నది అరగదా?” అంది లలిత.

“నేను ఏడవడం లేదు. కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాను. రెండూ వేరు,” అన్నాను.

రివ్యూ రోజున నా పట్టిక తెర మీద పెట్టి, రష్యా కారణంగా పేరు వద్దన్నాను. డయాన్ ఎందుకని అడిగింది. రివ్యూయర్ రిజెక్ట్ అని రాసింది కాబట్టి అన్నాను. అలా ఎందుకు రాసిందని మళ్లీ అడిగింది. ఖర్మ అని అర్థం కాబట్టి అన్నాను. డయాన్ నా పక్క కుర్చీ వైపు తిరిగింది. అప్పుడు కరుణ ‘చెప్పడం’ దగ్గర మొదలుపెట్టి గడువు, ఏడాది, విధి దాకా ఒక్క గొలుసుగా చెప్పుకొచ్చింది. చివర్లో, రష్యాలో ఈ పేరు చూసి ఎవరూ భయపడరుగానీ నవ్వుకుంటారు, చూసి నవ్వుకునే క్యాలెండర్‌ని ఎవరూ నమ్మరు, కాబట్టి మూర్తి గారు చెప్పినట్టే పేరు వద్దు అంది.

ఇద్దరిదీ ఒకటే జవాబు. నాది ముందు చెప్పినది కూడాను. పేరు మార్చారు, కుర్చీ ఆమెకిచ్చారు. నేను డయాన్ దగ్గరికి వెళ్లి, జవాబు నాదే కదా అని అడిగాను. నీ జవాబు సరైనదే, కానీ రేపు ప్రెసిడెంట్ నన్ను అడిగితే నేను తిరిగి చెప్పగలిగింది ఆమె చెప్పినదే అంది.

మేనేజరయ్యాక కరుణ నా పద్ధతిని తీసేస్తుందనుకున్నాను. తీసేస్తే నా అసూయకి ఒక న్యాయం దొరికేది. ఆమె తీసేయలేదు. ముందు నా పద్ధతిలో విడివిడిగా అడగాలి, జవాబులన్నీ చేతికొచ్చాక అందర్నీ ఒక కాల్‌లో కూర్చోబెట్టాలి అని రాసి, ఆ మొత్తానికి ‘మూర్తి రివ్యూ’ అని పేరు పెట్టింది. నేను రిటైరయ్యేదాకా ఆ పేరుతోనే పనిచేశాను. కొత్తగా చేరినవాళ్లు వచ్చి, ఆ కాల్ ఆలోచన అద్భుతం సార్ అని నన్ను మెచ్చుకునేవాళ్లు. అది నాది కాదని ప్రతిసారీ నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చేది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. సరైన జవాబు మీ ఉద్యోగాన్ని నిలబెడుతుంది. పై కుర్చీ మాత్రం, ఆ జవాబును పక్కవాడు తిరిగి చెప్పగలిగేలా చెప్పినవాళ్లది. ఆ కుర్చీ నాకు రాలేదని ఇప్పటికీ అసూయగానే ఉంది.