రహమాన్ చెక్కిన కొత్త మొహరు

కోటి విద్యలూ కూటికొరకే అంటారు. మెట్టుగూడ రహమాన్‌కు మాత్రం ఉన్నది ఒక్కటే విద్య, ఇత్తడి మీద మొహర్లు చెక్కడం. నవాబు సర్కారు కచేరీ కాగితాల మీద ముప్పై ఏళ్లుగా పడిన ఉర్దూ ముద్రల్లో సగం ఆయన చేతివే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ముద్ర సరిగ్గా పడాలంటే మొహరు మీద దాన్ని తిరగేసి, ఎడమ నుంచి కుడికి చెక్కాలి. ఆయన చెయ్యి అలా నడవడానికే అలవాటు పడింది.

పోలీసు యాక్షన్ అయి నవాబు సర్కారు పోయిన నాలుగో నెలలో కచేరీకి మద్రాసు నుంచి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. రాగానే రహమాన్‌ను పిలిపించి, పాత మొహర్ల మీద అక్షరాలన్నీ ఆకురాయితో అరగదీయమన్నాడు. రెండు రోజులు రహమాన్ తన పనితనాన్ని తానే అరగదీశాడు. మూడోనాడు సూపరింటెండెంటు, "ఇకమీదట అన్నీ ఇంగ్లీషులోనే. కొత్త సర్కారు పేరుతో ఒకటి చేసి చూపించు. బాగుంటే పని నీదే" అన్నాడు.

ఆ సాయంత్రం బావమరిది లాల్ వచ్చాడు.

"బావా, గా పని ఇడ్సిపెట్టు. లాలాగూడ రైలు వర్క్‌షాపుల మనుషులు కావాలంటున్నరు. రోజులు మంచిగ లెవ్వు. పక్కింటి ఖాజావలిని పోలీసులు తోల్కపోయి పది దినాలాయె, ఇంక రాలే."

రహమాన్ వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. "యాభై ఏండ్లకు కొత్త పని నేర్సుకుంటరా? మారింది అక్షరమే గద, చెయ్యి కాదు" అన్నాడు. లోపల మాత్రం భయం. అన్నం సయించలేదు.

మిషన్ బడిలో చదివే కూతురు ఖుర్షీదా ఇంగ్లీషు అక్షరాలు కాగితం మీద రాసిచ్చింది. అవి ఎడమ నుంచి కుడికి నడవడం చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

"జూడు బిడ్డా, నా చెయ్యి నడిచినట్టే ఉన్నయి. తిరగేసే తక్లీఫ్ సుత లేదు!"

అయ్యో పిచ్చి రహమాన్! భయం ఎంత విద్యనైనా మరిపిస్తుంది. చెక్కడం పూర్తయ్యాక ఖుర్షీదా గడగడా చదివి, "అచ్చం నేను రాసినట్టే ఉంది అబ్బాజాన్" అంది. సిరా అద్ది చూసుకోవడం ఆయనకు ఎన్నడూ లేదు. అది చేతికి అవమానం అనుకునేవాడు.

మర్నాడు సూపరింటెండెంటు తెల్లకాగితం మీద మొహరు నొక్కాడు. అక్షరాలన్నీ తిరగబడి పడ్డాయి. పక్కనున్న గుమాస్తా నవ్వబోయి, దొర ముఖం చూసి ఆగిపోయాడు.

"కొత్త సర్కారు పేరే తిరగేశావన్నమాట. ఎవరు చేయమన్నారు?"

"గల్తీ అయింది సాబ్. ఉర్దూ చెక్కిన చెయ్యి..."

ఆ మాట ఎందుకన్నానా అనుకున్నాడు రహమాన్. సూపరింటెండెంటు కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి, కలం తీశాడు. పని పోయిన సంగతి రహమాన్‌కు అప్పుడు తట్టనే లేదు.

"నీకు ఇంగ్లీషు రాదు కదా. ఈ అక్షరాలు ఎవరు రాసిచ్చారు?"

ఈ వేళకు ఖుర్షీదా బడిలో, రెండో వరసలో కూర్చుని ఉంటుంది.

"ఎవ్వరు లేరు సాబ్" అన్నాడు రహమాన్. "నేను ఒక్కన్నే ఉంట. నాకు పిల్లలు లేరు."