యేసమ్మకి అంకెల రేడియో

యాకోబు బతుకంతా చేపల చెరువు గట్టు మీదే గడిచింది. కలిదిండి అవతల కనకరాజు గారి చెరువులకి పద్నాలుగేళ్ళుగా అతనే కాపలా. గట్టు మీద తాటాకు పాక, ఓ కుక్క, ఓ పాత రేడియో అతని సంసారం. రేడియో అద్దం మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఒకటుంది. దాన్ని పెట్టింది అతని భార్య యేసమ్మ. ముల్లు ఆ చుక్క మీదకొస్తే విజయవాడ స్టేషను. సాయంత్రం పూట ఇద్దరూ పాక ముందు కూర్చుని వ్యవసాయం కార్యక్రమం వినేవారు. సెంటు భూమి లేదు గానీ, వరి తెగుళ్ళ గురించి వాళ్ళకి తెలిసినంత రైతులకే తెలిసేది కాదు.

సొంత గూడు కట్టుకోవాలని యేసమ్మ రెండువేల అయిదులో కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళింది. వెళ్ళి రెండేళ్ళు.

"ఇక్కడ ఇల్లంతా మాటలేనయ్యా. నాకర్థమయ్యేది ఒక్కటీ లేదు" అంది ఓసారి ఫోన్లో. ఆ మాట యాకోబు గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

ఊరావిడ రత్నకుమారి సెలవుకొచ్చి తిరిగి కువైట్ వెళ్తోందని తెలియగానే అతను ఏలూరు బస్సెక్కాడు. పవర్‌పేటలో సిరాజుద్దీన్ రేడియో షాపు ఉంది. పాత రేడియోకి ప్రాణం పోస్తూ వస్తున్నది ఆయనే.

"సాయిబు గారూ, డిజిటల్ రేడియో ఇవ్వండి. అంకెలు కనపడేది."

"పాతది పోయిందేంటయ్యా?"

"నాక్కాదండి. మా యేసమ్మకి."

సిరాజుద్దీన్ మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిదాని నిండా బొత్తాలే. "ఇది తిప్పాలంటే ఇంజినీరు చదవాలండి" అని పక్కకి జరిపాడు యాకోబు. రెండోదాంట్లో అంకెలు చీమల్లా ఉన్నాయి. మూడోది అరచేతిలో పట్టేసింది, అంకెలు చిక్కుడు గింజలంత. సిరాజుద్దీన్ ఎనిమిది, మూడు, ఏడు నొక్కాడు. గరగర లేకుండా విజయవాడ పలికింది.

యాకోబు మొహం వెలిగిపోయింది. "ఇదేనండి! మా ఆవిడకి అక్షరాలు రావు గానీ, చేపల ట్రేలు లెక్కపెట్టిన మనిషి కదండీ, అంకెలు బాగా వచ్చు. కువైట్‌లో ఈ మూడూ నొక్కుకుంటుంది."

సిరాజుద్దీన్ కళ్ళజోడు తీసి కింద పెట్టాడు. "అక్కడ రాదు యాకోబూ."

"ముల్లున్న రేడియోకి రాదేమో. ఇది డిజిటల్ కదండీ?"

"ఏదైనా అంతే. ఇది ఫోన్ నంబరు కాదయ్యా. విజయవాడ మాట అంతదూరం పోదు."

"పదంకెలు నొక్కితే ఆవిడ మాట ఇక్కడిదాకా వస్తోంది. మూడంకెలకి స్టేషను పలకదా?"

"పలకదు. అరబ్బీ పాటలొస్తాయి. అబద్ధం చెప్పి అమ్మనా?"

ఆ మూడంకెలు ఆవిడకి ఎలా చెప్పాలో యాకోబు బస్సులో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. సిరాజుద్దీన్ రేడియో ఆపాడు. స్టేషను అంకెలు పోయి వేరే అంకెలొచ్చాయి. పదకొండూ నలభై రెండు.

"ఇదేంటండి?"

"టైము. రేడియో ఆపినా కనపడుతుంది. పంపేటట్టయితే చెప్పు, కువైట్ టైము పెట్టిస్తాను. మనకన్నా రెండున్నర గంటలు వెనక."

యాకోబు ఆ అంకెల వంక చూస్తూ ఉండిపోయాడు. నలభై రెండు నలభై మూడైంది.

"వద్దండి. మనదే ఉండనివ్వండి."

"అక్కడ తప్పు చూపిస్తుందయ్యా!"

"చూపించనివ్వండి."

ఎందుకని ఆయన అడగలేదు, నయమైంది. అడిగితే యాకోబుకి చెప్పడం వచ్చేది కాదు. రత్నకుమారి చేతికిచ్చినప్పుడూ చెప్పలేదు, సిగ్గేసింది.

మూడు వారాలకి, ఆదివారం సాయంత్రం, కలిదిండిలో నిత్యానందం గారి ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది.

"ఏమయ్యా, ఎవడంటగట్టాడు ఆ రేడియో? ఒక్క తెలుగు ముక్క రాదు!"

"రాదులే" అన్నాడు యాకోబు.

"గడియారమూ తప్పే. ఈ ఇంటి డ్రైవరు చూసి నవ్వాడు, సరిచేసిస్తానన్నాడు."

యాకోబు రిసీవరు గట్టిగా పట్టుకున్నాడు. చేయించావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అంతలో అవతల ఎవరో అరబ్బీలో పిలిచారు. యేసమ్మ వాళ్ళకేదో జవాబు చెప్పి, గబగబా అంది:

"ఇంకా సెంటర్లోనే ఉన్నావేంటి? ఏడూ ఇరవై అయింది, చెరువు మీదకి ఎప్పుడెళ్తావు?"

యాకోబు తలెత్తి బూత్ గోడ మీది గడియారం చూశాడు. ఏడూ ఇరవై.