అయస్కాంతం తీర్పు

నాందేడ్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా గల్లీకంతటికీ జడ్జిని నేనే. ఆ అధికారం ఎక్కడిదంటే, పాడైన రేడియో స్పీకర్‌లోంచి ఊడబీకిన అయస్కాంతం నా దగ్గరుండేది. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె గంప దించగానే నాకు పిలుపొచ్చేది. అయస్కాంతం అంటుకుంటే ఇనుము, లేకుంటే స్టీలు. "బాఈ, అస్సల్ స్టీల్ ఆహే!" అని, అసలు స్టీలేనని ఆమె మరాఠీలో ఎంత మొత్తుకున్నా వినేదాన్ని కాదు.

పక్కింటి అక్క ఓసారి నన్ను పిలవకుండానే తన పెళ్లినాటి జరీచీర, మొగుడి రెండు టెరిలిన్ ప్యాంట్లు ఇచ్చి పెద్ద స్టీలు గంజు తీసుకుంది. నాకు ఒళ్లు మండింది. వెళ్లి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది.

"గిది ఇనుము అక్కా! నిన్ను ముంచింది," అన్నాను, లోపల సంబరపడుతూనే.

పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. గంజును స్నానాల గదిలో నీళ్లకు పెట్టి, ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. నిజం చెప్తే కోపమేందని నేనూ మూతి తిప్పుకున్నాను. కానీ ఆమె లేకుండా మధ్యాహ్నాలు గడిచేవి కావు.

వానాకాలం పోయాక నేనూ ఒక గిన్నె తీసుకున్నాను. అందరి ముందూ అడుగున పెడితే అయస్కాంతం జారిపడింది. గర్వంగా అంచుకు పెట్టాను. పట్టుకుంది! గల్లీ అంతా ఒకటే నవ్వు.

లేత్ మిషన్ మీద పనిచేసే మా మరిదిని సాయంత్రం నిలదీశాను.

"మంచి స్టీల్ల వందకు పద్దెనిమిది పాళ్లు క్రోమియం, ఎనిమిది పాళ్లు నికెల్ ఉంటది వదినె. నికెల్ ఉంటది గాబట్టి చుంబకం పట్టది. అంచు మలిపేటప్పుడు ఒత్తిడికి గుణం మారి, గక్కడ జర పడతది."

"మొత్తం పడితేనో?"

"నికెల్ లేని స్టీలు. అగ్గువది. అయితేంది? తుప్పు ఆపేది క్రోమియమే గద. గదీ స్టీలే."

అక్క గంజు గుర్తొచ్చింది. నాలుగు నెలలు నీళ్లలో నానిన ఆ గంజుకు తుప్పు మచ్చ లేదు. రోజూ తోమి పెరట్లో బోర్లించినప్పుడు ఎండకు మెరుస్తుంటే, నా మీద కసితో తోముతుందనుకున్నాను.

అప్పటికప్పుడే వెళ్లాను. "అక్కా, తప్పయింది. నీది స్టీలే."

ఆమె నన్ను కూర్చోబెట్టి, స్నానాల గదిలోకి వెళ్లి నీళ్లు ఒంపేసి, ఆ గంజునే తెచ్చి పొయ్యి మీద పెట్టింది. అందులోనే చాయ్ కాచింది.

"ఏం చూస్తున్నవ్? తాగు చెల్లె. ఇనుమైతే నీకు రక్తం పడతది."

సబ్బు వాసన కొట్టింది. అయినా రెండో కప్పు నేనే అడిగాను.