ఆట అయ్యేదాకా

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు నేను శ్రీకాకుళానికి దగ్గర్లోనే ఒక పల్లెటూరి హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిని. ఆడపిల్లల చేత వాలీబాల్ ఆడించడం నాకు అక్కడ పట్టుకున్న పిచ్చి. కోర్టంటే ఇసుక నేల, రెండు ఇనుప గొట్టాలు, చేపలు పట్టేవాళ్లని అడిగి తెచ్చుకున్న పాత వల.

బంతిని ఎలా కొట్టాలో నేర్పడం అంత కష్టం కాదు. ఆ పిల్లల చేత అరిపించడమే కష్టం. బంతి ఇద్దరి మధ్యకి వస్తే ఎవరో ఒకరు "నాది" అని గట్టిగా అరవాలి. లేకపోతే ఇద్దరూ గుద్దుకుంటారు, లేదా ఇద్దరూ వదిలేస్తారు. మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారు. బంతి మధ్యలో పడేది. ఇంట్లో గొంతు పెంచితే తిట్లు తినే పిల్లలు మరి. నెల రోజులపాటు బంతి ముట్టుకోనివ్వకుండా, ఉత్త ఆకాశంలోకి చూసి అరవమన్నాను. దారినపోయేవాళ్లు ఆగి మరీ నవ్వుకునేవారు.

అందరికంటే ముందు గొంతు విప్పింది ఎనిమిదో తరగతి చదివే ఒక సన్నటి పిల్ల. ఆమెనే లిఫ్టర్‌ని చేశాను. మన వైపు బంతిని మూడుసార్లే తాకాలి. మొదటిసారి ఆపడానికి, మూడోసారి కొట్టడానికి. నడుమ దాన్ని వల మీదికి ఎత్తి, కొట్టేవాళ్లకి అందించేది లిఫ్టర్. చప్పట్లు బంతి కొట్టినవాళ్లకి, మెడనొప్పి లిఫ్టర్‌కి. స్కూలు గోడ మీద సున్నంతో ఒక గుండ్రటి గుర్తు వేసి, రోజూ రెండు వందలసార్లు బంతి దానికి తగలాలన్నాను. వేళ్ల మీద బంతి పడినప్పుడు చప్పుడు రాకూడదన్నాను. ఆరు నెలలకి ఆమె చేతుల్లో చప్పుడు ఆగిపోయింది.

ఆమె తండ్రి రైసుమిల్లులో కళాసీ. బస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కట్టిన మనిషి. కిడ్నీలు పాడై పని మానేశాడు. డయాలసిస్‌కి శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్లే రోజులు తప్పిస్తే, సాయంత్రాలు గ్రౌండు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆట నియమాలేవీ ఆయనకి తెలియవు. కూతురి చేతులే చూసేవాడు.

"మేస్టారూ, ఇది కొట్టదేటి? అందరికీ అందిత్తాదే గానీ!" అన్నాడొకసారి.

"దాని పనే అది. అది సరిగ్గా అందించకపోతే ఎవరూ కొట్టలేరు."

ఆయన మళ్లీ కూతురి చేతుల వైపు చూశాడు. "అయితే మా పనిలాటిదే. బస్తా ఎత్తి ఒకడి ఈపు మీద పెట్టీవోడు ఒకడుంటాడు. ఆడు సరిగ్గా పెడితేనే మోసీవోడు నడగ్గల్డు" అన్నాడు. ఆ మాట పిల్లలకి చాలాసార్లు చెప్పాను. నేను చెప్పిన పాఠాలన్నిటికంటే వాళ్లకి అదే బాగా అర్థమైంది.

వాళ్లది బాప్టిస్టు చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ పిల్ల తెల్ల గౌనులోనే పరుగెత్తుకొచ్చి, స్కూల్లో బట్టలు మార్చుకుని ఆటలోకి దిగేది.

ఆమె పదో తరగతికి వచ్చిన ఏడు అక్టోబరులో మా జట్టు విజయనగరంలో ఒక పెద్ద పోటీలో ఫైనల్‌కి చేరింది. అప్పటికి పన్నెండేళ్లుగా, వేర్వేరు ఊళ్లలో, జట్లు తయారుచేస్తున్నాను. ఒక్కసారీ ఫైనల్ చూడలేదు. పైగా స్పోర్ట్స్ హాస్టల్‌కి పిల్లల్ని ఎంచుకునేవాళ్లు ఆ రోజు ఆట చూడటానికి వస్తారన్నారు. మేము బయలుదేరేనాటికి ఆమె తండ్రి మంచం మీదున్నాడు. నా చెయ్యి పట్టుకుని, "బాగా ఆడమనండి మేస్టారూ. నా గురించి ఆలోసించొద్దనండి" అన్నాడు.

ఫైనల్ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి నా ఫోను మోగింది. ఆ పిల్ల మేనమామ.

"మేస్టారూ, బావ పోనాడండీ." అన్నాడాయన. "పిల్లని ఎంటనే తీసుకొచ్చీండి. పోనాడని దారిలో సెప్పకండి. బాగోలేదని సెప్పి తెచ్చీండి."

"తీసుకొస్తాను" అన్నాను.

ఫోను పెట్టేసి చూస్తే ఆ పిల్ల కోర్టు అంచున కూర్చుని వేళ్లకి టేపు చుట్టుకుంటోంది. పది గంటలకి ఆట. ఎంతసేపు, గంటన్నర అనుకున్నాను. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాడు, పిల్ల జీవితం ముందుంది అనుకున్నాను. ఆయనే ఆడమన్నాడు కదా అనుకున్నాను. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న మాటలు. అసలు మాట ఏమిటంటే, ఆమె లేకపోతే జట్టు లేదు. రెండో లిఫ్టర్‌ని నేను తయారుచెయ్యలేదు. నాకు ఆ ఫైనల్ కావాలి. ఈ మాట నాతో నేను అనుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

మాతో వచ్చిన తెలుగు టీచరుగారికి చెబితే ఆవిడ వెంటనే పిల్లని తీసుకుని బస్సెక్కేసేది. అందుకే ఆవిడకీ చెప్పలేదు.

పది గంటలకి ఆట మొదలవలేదు. మా ముందు జరగాల్సిన మగపిల్లల ఆట సాగి సాగి పన్నెండయింది. ఆ రెండు గంటల్లో ప్రతి నిమిషం ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకుంటూనే ఉన్నాను. ఆలస్యమయ్యేకొద్దీ ఎందుకు ఆలస్యం చేశానో కూడా చెప్పుకోవాల్సి వస్తుందని భయమేసింది. ఫోను మోగకుండా చేసి బంతుల సంచిలో అడుగున పెట్టేశాను.

ఆ పిల్ల ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. వంకరగా వచ్చిన బంతుల్ని కూడా పరుగెత్తి అందుకుని, చప్పుడు లేకుండా వల మీద నిలబెట్టింది. కళ్లు ఒకవైపు, బంతి మరోవైపు. అవతలి పిల్లలు తెల్లబోయారు. టైమౌట్‌లో అందరూ చుట్టూ చేరినప్పుడు నేను బంతుల సంచి వైపే చూస్తున్నాను. ఆమె నీళ్లు తాగి, నా మొహంలోకి చూసి, "ఏటి మేస్టారూ అలాగున్నారు? గెలుస్తన్నాం కదా!" అంది.

గెలిచాం. మెడల్ మెడలో వేశారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నా దగ్గరికొచ్చి, "నాన్నకి సూపిత్తాను. పడుకున్నాడంటే ఈ సప్పుడుకి లేచిపోతాడు" అని గొలుసు ఆడించింది.

సంచిలోంచి ఫోను తీశాను. పదకొండుసార్లు చేశారు.

మంచినీళ్ల కుళాయి పక్కకి తీసుకెళ్లి, నాన్నకి బాగోలేదట, వెళ్దాం అన్నాను. ఆమె వెళ్లి తన సంచి తెచ్చుకుంది. మిగిలిన పిల్లల్ని టీచరుగారికి అప్పగించి, ఇద్దరం శ్రీకాకుళం బస్సెక్కాం. వాన మొదలైంది. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. సగం దారిలో ఆమె మెడల్ తీసి నా చేతిలో పెట్టింది. అప్పటికే తెలిసిపోయిందనుకుంటాను.

మేము వెళ్లేసరికి ఐదు దాటింది. ఇంటి ముందు షామియానా కింద ఖాళీ కుర్చీలున్నాయి. సమాధుల తోట నుంచి జనం గొడుగులతో తిరిగొస్తున్నారు. మేనమామ నన్ను చూసి నిలబడిపోయాడు.

"నాలుగు దాకా ఆపినాం మేస్టారూ. గోతిలో నీరూరిపోతంది. పాస్టరుగారు ఇంక ఆగలేం అన్నారు. మీరు బయల్దేరిపోనారనుకున్నాం. దార్లో ఏటయిందో అని బయపడ్డాం."

ఆ పిల్ల ఆయన మాటలు విని నా వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది మేస్టారూ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "పొద్దున్న తొమ్మిదిన్నరకి" అన్నాను.

ఆమె ఏడవలేదు. తడిసిన బూట్లతోనే సమాధుల తోట వైపు నడిచింది. వాళ్లమ్మ వెనకాల పరుగెత్తింది. నేను ఆ వానలో అక్కడే నిలబడిపోయాను. నన్ను ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

ఆమె పదిహేను రోజులకి స్కూలుకి వచ్చింది. గ్రౌండు వైపు మాత్రం రాలేదు. స్పోర్ట్స్ హాస్టల్ నుంచి పిలుపు వచ్చింది. కాగితం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె లోపలి గదిలోంచి బయటికి రాలేదు. వాళ్లమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ, "మీరు సెడ్డోరైతే తిట్టీసి ఊరుకుందును. దానికి మూడేళ్లు నేర్పినారు. మిమ్మల్నేటని తిట్టను?" అంది. కాగితం మాత్రం ముట్టుకోలేదు.

తర్వాత నాకు రామతీర్థం వైపు బదిలీ అయింది. అక్కడా జట్లు తయారుచేశాను. ప్రతి జట్టుకీ ఇద్దరు లిఫ్టర్లు.

నాలుగేళ్లకి కాబోలు, అరసవల్లి దర్శనం చేసుకుని వస్తూ మా ఆవిడ చీర కొంటానంటే శ్రీకాకుళంలో ఒక బట్టల దుకాణంలోకి వెళ్లాం. చీరలు చూపిస్తున్నది ఆమే. "రండి మేస్టారూ, కూకోండి" అంది మర్యాదగా. మా ఆవిడ రంగులు చూసుకుంటూ పక్కకి వెళ్లాక, ఇన్నేళ్లూ అనలేనిది అన్నాను. "ఆ రోజు నేను చేసింది తప్పమ్మా. నా స్వార్థం కోసమే చేశాను."

ఆమె చేతిలోని చీర మడత పెడుతూనే ఉంది.

"తెలుసు మేస్టారూ" అంది. చీరని దొంతర మీద పెట్టి, "కోపం పోనాది. కానీ నాన్న మొకం గుర్తు రావట్లేదు. ఎంత ఆలోసించినా ఫొటోలో మొకమే వస్తాది. ఆ రోజు సూసుంటే గుర్తుండీదేమో" అంది.

ఇంకో బేరం రావడంతో ఆమె అటు వెళ్లింది. మా ఆవిడ చీర నచ్చిందంటూ వచ్చింది. నేను తలూపి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.